ఎర్మీనియా దించిన మొదటి ఇంజిను

ఎర్మీనియా ఒకాంపో పదిహేనేళ్లు స్పానర్లు అందించింది గానీ, ఒక్క బోల్టు కూడా తన చేత్తో విప్పలేదు. ఆమె భర్త ఫిదెన్సియోది మా తాస్కో ఊళ్లో తెల్ల వోచో టాక్సీ. వెనక ఇంజిను, తాబేలు వీపులాంటి పైకప్పు, మా అందరికంటే ముందు పుట్టిన కారు. మా కొండ వీధుల్లో ఆగి, మళ్లీ ఎక్కి, మళ్లీ ఆగి క్లచ్‌లు తొందరగా అరిగిపోతాయి. అతను బండి కింద దూరినప్పుడల్లా ఏ నంబరు స్పానర్ కావాలో అడక్కముందే ఆమె అతని చేతిలో పెట్టేది.

ఆ నవంబరులో ఫిదెన్సియో మెట్ల మీద జారి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేదాకా బండి నేను నడుపుతానన్నాను. వాళ్ల కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడింది నేనే, అందుకే ఎర్మీనియా నాకు కొమాద్రె, నేను ఆమెకి కొంపాద్రె.

సోమవారం హుమిల్ పండగ. ఆ రోజు ఊరంతా ఊయిష్టెకో కొండెక్కి హుమిల్ పురుగులు ఏరి, మిరపకాయలతో నూరుకుని తింటుంది. టాక్సీలకి ఊపిరాడదు. సరిగ్గా ముందురోజు, ఆదివారం పొద్దున, మార్కెట్ ఎగువన బండి మొరాయించింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను గోల పెడుతోంది, బండి మాత్రం వెనక్కి జారుతోంది. నలుగురం కలిసి వాళ్ల వాకిట్లోకి తోశాం.

మా వీధి మెకానిక్ దోన్ అబుందియో వచ్చి చూసి, గురువారం దాకా తనకి ఖాళీ లేదన్నాడు. ఫిదెన్సియో తల పట్టుకుని కూర్చున్నాడు. ఎర్మీనియా మాత్రం లోపలికెళ్లి అతని పాత ప్యాంటు తొడుక్కుని వచ్చింది.

"కొంపాద్రె, జాకీ ఇలా తియ్యి," అంది.

ఆ మాట ఎలా పాకిందో గానీ అరగంటలో స్టాండులో డ్రైవర్లంతా ఎదురు గోడ మీద చేరారు. మధ్యలో దోన్ అబుందియో.

"అది పెనం మీద టోర్టియా రొట్టె తిప్పినట్టు కాదమ్మా," అన్నాడాయన.

"తెలుసు దోన్ అబుందియో. టోర్టియా అయితే మాడకుండా చూసుకోవాలి. ఇది మాడిపోయే వచ్చింది."

గోడంతా ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వాపుకోలేకపోయాడు.

బ్యాటరీ వైరు పీకింది, పెట్రోలు గొట్టం మూసింది, తీగలు విడదీసింది. ఇంజినుని గేర్‌బాక్సుకి పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు. పైవి రెండూ కంటికి కనపడవు, వేళ్లతో తడుముకోవాలి. ఆమె కళ్లు మూసుకుని చెయ్యి దూర్చింది. కింద జాకీ మీద ఇంజినుని నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నెమ్మదిగా వెనక్కి లాగితే అది గేర్‌బాక్సుని వదిలి బయటికొచ్చేసింది.

క్లచ్ ప్లేట్ విప్పితే రివెట్లు బయటపడేలా అరిగిపోయి ఉంది. కొత్త ప్లేట్ వేసి మూసెయ్యమన్నాడు ఫిదెన్సియో. ఆమె పాతదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఆయిల్ వాసన వస్తోంది. ఆయిల్‌ని ఆపే రబ్బరు సీల్ కారుతోంది. ఇలాగే మూస్తే కొత్తది కూడా నెల తిరక్కుండా పాడవుతుంది."

సీల్ ఉండేది ఫ్లైవీల్ అనే బరువైన చక్రం వెనక. ఫ్లైవీల్ నట్టు మనిషి బలానికి లొంగేది కాదు. చక్రం తిరక్కుండా బిగించి, స్పానర్‌కి నిలువెత్తు నీళ్ల పైపు తొడిగి ఆమె వేలాడింది. కదల్లేదు. నేనూ వేలాడాను. కదల్లేదు. అప్పుడు గోడ మీంచి దోన్ అబుందియో దిగొచ్చి పైపు చివర పట్టుకున్నాడు. ముగ్గురం ఒక్కసారి ఊగితే టక్కుమని వదిలింది. వీధంతా చప్పట్లు.

ఫిదెన్సియో విడిభాగాల పెట్టెలోంచి తీసిన కొత్త సీల్, కొత్త ప్లేట్ పడ్డాయి. ప్లేట్ సరిగ్గా నడిమధ్యన కూర్చోవడానికి చీపురుకర్రకి టేపు చుట్టి వాడింది. ఇంజిను తిరిగి ఎక్కించి బోల్టులు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది.

"స్టార్ట్ చేసి హ్యాండ్‌బ్రేక్ వెయ్యి. మూడో గేరు పెట్టి క్లచ్ వదులు," అంది నాతో.

వదిలాను. బండి ఒక్క వణుకు వణికి ఇంజిను ఆగిపోయింది. గోడ మీదివాళ్లు అయ్యో అన్నారు. ఫిదెన్సియో ముఖం తిప్పుకున్నాడు. ఎర్మీనియా మాత్రం గంతేసింది.

"ఆగిపోవాలయ్యా! క్లచ్ జారుతుంటే ఇంజిను ఆడుతూనే ఉండేది. ఇది పట్టుకుంది!"

సోమవారం తెల్లారగానే వెనక సీట్లో ముగ్గురు లావుపాటి ఆడవాళ్లని, వాళ్ల బుట్టల్ని ఎక్కించుకుని కొండెక్కాను. జనం ఎక్కడానికి వీలుగా డ్రైవరు పక్క సీటు పీకేసిన చోట ఎర్మీనియా స్టూలేసుకుని, ఇంజిను చప్పుడుకి చెవి ఒగ్గి కూర్చుంది. ఎత్తు మరీ ఎక్కువైన మలుపులో నా భుజం తట్టి బండి ఆపించింది.

"ఇప్పుడు ఎక్కించు."

క్లచ్ మెల్లగా వదిలాను. వెనక్కి ఒక్క అంగుళం జారలేదు. వెనక ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఎర్మీనియా నిన్నటి గ్రీజు ఇంకా వదలని చేతులతో కళ్లు తుడుచుకుని ముఖమంతా మసి చేసుకుంది. ఆ రోజు తొమ్మిదిసార్లు ఎక్కాం.

బుధవారం దోన్ అబుందియో తన సొంత వోచోని వాళ్ల గుమ్మం ముందు ఆపి, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"నా నడుం వంగట్లేదమ్మా," అన్నాడు. "ఇంజిను నువ్వు దించు. స్పానర్లు నేనందిస్తాను."