మైకెక్కిన మనవి

ఉదయగిరి కొండ కింద మా వీధిలో ఏలియా ఇల్లు ఏదని ఎవరినీ అడగనక్కర్లేదు. కట్టె చెక్కే బాడిస దెబ్బ వినబడే వైపు నడిస్తే చాలు. ఏలియా నా తమ్ముడు. కట్టెతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతాడు. ఆ పని చేసేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు గానీ మా బాప్టిస్టు సంఘంలో మాత్రం వాడొక్కడే. ఆ ఒక్కడు కావడమే వాడి కొంప ముంచింది.

వాడు మాట తక్కువ మనిషి. పుట్టుకతో కాదు. చిన్నప్పుడు వసపిట్టలాగా వాగేవాడు. మా అమ్మ పోయినప్పుడు సమాధి దగ్గర వాడు ఏడుస్తుంటే మా నాయన రెక్క పట్టి లాగి, "ఏందిరా ఆడపిల్ల మాదిరి, నోరు ముయ్" అన్నాడు. మూశాడు. ఆ తర్వాత అన్నానికీ, ఆదివారం పాటలకీ తప్ప తెరిచింది లేదు. తల్లి లేని వాణ్ణి పెంచింది నేనే. నేను బడికి పోయింది మూడో తరగతి వరకే అయినా, వాడి మొహం చదవడానికి ఏ పంతులూ అవసరం లేదని అనుకునేదాన్ని.

వాడికీ శీనమ్మకీ పెళ్ళైన చాలాకాలానికి ఒక కొడుకు పుట్టాడు. బెన్యామీను అని పేరు పెట్టి బెన్నీ అని పిలుచుకున్నాం. రెండో తరగతిలో ఉండగా విషజ్వరం వచ్చి, నెల్లూరు తీసుకుపోయినా దక్కలేదు. బిడ్డను ఇంటికి తెచ్చిన పొద్దున ఎవరో బుద్ధిలేని మనిషి, "కట్టెపని చేసేవాడివి, పెట్టె నువ్వే చెయ్యరాదా" అన్నాడు. ఏలియా ఆ మనిషి మొహం కూడా చూడలేదు. చొక్కా తగిలించుకుని, పెట్టె తెస్తానని ఆత్మకూరు బస్సెక్కాడు.

పెట్టె ఆటోలో వచ్చింది. ఏలియా రాలేదు.

మాలో మొదటి పిడికెడు మన్ను తండ్రి వెయ్యాలి. పొద్దు వాలేదాకా కనిపెట్టుకుని ఉన్నాం. ఇక ఉంచడం మంచిది కాదని పాస్టరు గారు అంటే మా ఆయన వేశాడు ఆ మన్ను. ఏలియా దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, చొక్కా నిండా దుమ్ము. "బస్సు దొరకలా" అన్నాడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బస్సు దొరకకపోవడం ఏమిటి? తాగి పడిపోయాడని వీధి మొత్తం ఒక్క మాట మీదికి వచ్చింది. శీనమ్మ కూడా. వాడు కాదనలేదు.

శీనమ్మ ఏడాది పైన వాడితో మాట్లాడలేదు. వాడు చెక్కిన స్పూన్లకు గరుకు కాగితం రుద్దేది, అన్నం పెట్టేది, అంతే. చివరికి యేసు సిలువను తలుచుకునే మంచి శుక్రవారం నాడు మందిరం నుంచి వచ్చి, "నేను నిన్ను క్షమించినా" అని చెప్పింది. వాడు తల వంచుకున్నాడు. ఆ ఇల్లు అట్లాగే పదేళ్ళు దాటించింది.

ఇక దయాసాగర్ సంగతి. బడిపంతులుగా రిటైరైనాడు, మా సంఘంలో పాస్టరు గారికి సాయంగా ఉండే డీకను. ఖాళీగా ఉండలేక నెల్లూరులో ఏదో శిక్షణకు పోయి, మగవాళ్ళ గుండె గాయాలకు స్వస్థత అనే మాట పట్టుకొచ్చాడు. శనివారం పొద్దున మందిరం వెనక గదిలో మగవాళ్ళ కూడిక పెట్టాడు.

"ఏం మాస్టరూ, మొగోళ్ళకు కూడా గుండెకాయ ఉండాదని నెల్లూరులో చెప్పినారా?" అని అడిగాను.

"ఉండాది రాహేలక్కా. మూత పెట్టుకోని తిరగతా ఉండాం, అంతే."

"మూత తీస్తే ఈగలు వాలతాయి. చూసుకో."

నవ్వాడు. మంచివాడే, ఆ మాట అబద్ధం చెప్పను. వచ్చిన ప్రతి మగవాడి చేతా బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఇక్కడి మాట ఇక్కడే అని అనిపించాడట. మొదట్లో వాళ్ళు బోర్లలో నీళ్ళ గురించీ అల్లుళ్ళ గురించీ మాట్లాడుకుని టీ తాగి వచ్చేవాళ్ళు. ఏలియా గోడవార కూర్చుని వినేవాడు.

ఒక శనివారం వాడు ఇంటికి పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాడు. మొహం వాచి ఉంది.

"ఎవురన్నా కొట్టినారా?" అన్నాను.

"లేదక్కా. ఏడ్చినా."

నేను పట్టుకున్న చెంబు కింద పెట్టేశాను. ఎందుకురా అంటే, "బెన్నీ దినం ఏం జరిగిందో మాస్టరుకి చెప్పుకున్నా. ఇంక శీనకు చెప్పాల. నోరు కూడదీసుకుంటా ఉండా. క్రిస్మస్ లోపల చెప్పేస్తా" అన్నాడు. ఏం జరిగిందిరా అని నాకూ అడగాలనిపించింది. ముందు పెళ్ళానికి చెప్పాల్సిన మాట అని ఊరుకున్నాను. నేను ఊరుకోవడమంటే ఊళ్ళో వాళ్ళు నమ్మరు.

తర్వాత వాడిలో మార్పు కళ్ళారా చూశాను. బెన్నీ సమాధి దగ్గరికి మొట్టమొదటిసారి పోయి ముళ్ళకంప పీకేసి వచ్చాడు. అన్నం తినేటప్పుడు పులుసు బాగుండాదన్నాడట. శీనమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, "వదినా, ఈయనకేమన్నా జబ్బా?" అని అడిగింది. ఆమె మొహంలో భయం తక్కువ, సంతోషం ఎక్కువ. మనిషిని దేవుడు బాగుచేస్తున్నాడని నేనూ మెత్తబడ్డాను. దయాసాగర్ ఎదురైతే ముందు నేనే వందనాలు చెప్పడం మొదలుపెట్టాను.

నవంబరులో ఆత్మకూరులో స్వస్థత కూడికలు పెట్టారు. పెద్ద షామియానా, ఆడవాళ్ళకు ఒక పక్క కింద పరిచిన పట్టలు, మగవాళ్ళకు ఇంకో పక్క కుర్చీలు. మా సంఘం నుంచి అందరం పోయాం. ఏలియా వడ్డన పనికి నిలబడ్డాడు. నేనూ శీనమ్మా ముందు వరసలో కూర్చున్నాం. మధ్యాహ్నం ముందు దయాసాగర్‌కి మైకు ఇచ్చారు. మా ఊరివాడు మాట్లాడుతున్నాడని నేను కొంగు సర్దుకుని కూర్చున్నాను కూడా.

"మా ఉదయగిరిలో ఒక సోదరుడు ఉన్నాడు. పేరు చెప్పను. కట్టె చెక్కుకుని బతికే సోదరుడు" అన్నాడు.

మా వాళ్ళ తలలన్నీ మా వైపు తిరిగాయి.

"ఒక్క కొడుకు చనిపోతే పెట్టె కొనడానికి ఈ ఆత్మకూరుకే వచ్చాడు. ఎంత పొడుగు కావాలని అంగట్లో అడిగితే రెండు చేతులూ చాపి చూపించాడు. ఆ చేతుల మధ్య అంత కొంచెం చోటు చూసి బెదిరిపోయాడు. పెట్టెను ఆటోలో పంపేసి బస్టాండులో కూర్చున్నాడు. ఉదయగిరి బస్సు వస్తే ఎక్కేవాడు, కదిలేలోపు దిగిపోయేవాడు. సాయంత్రం దాకా అదే పని. తాగాడని లోకమంతా అన్నది. తాగలేదు సోదరులారా, భయపడ్డాడు. మగవాడు భయపడ్డానని చెప్పుకోలేక తాగుబోతు అనే పేరు మోశాడు. కట్టుకున్న భార్యకు కూడా ఈ రోజు వరకు చెప్పుకోలేదు."

మగవాళ్ళ వైపు ఏడుపులు లేచాయి. చేతులు పైకెత్తి, కుర్చీలు వదిలి ముందుకు వచ్చి మోకాళ్ళూనారు. దయాసాగర్ కళ్ళలోనూ నీళ్ళు. శీనమ్మ ఏడవలేదు. పట్ట మీద నుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వంటల దగ్గరికి నడిచింది. నేను వెనకే పోయాను.

ఏలియా సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వంటల దగ్గర కూడా ఒక స్పీకరు కట్టారు. వాడూ అంతా విన్నాడు.

"బస్టాండులోనా ఉన్నింది?" అంది శీనమ్మ.

"ఆ."

"తాగలా?"

"తాగలా."

"తాగినావనే గదా నిన్ను క్షమించినా. ఆ క్షమించేదానికి నేను ఎంత ఏడ్చినానో నీకేం తెలుసు? చెయ్యని తప్పుకు తలకాయ వంచుకోని నా క్షమాపణ తీసుకున్నావు. ఇప్పుడు దాన్ని నేనేం చేసుకోవాల?"

"చెప్దామనే ఉండా శీనా. క్రిస్మస్ లోపల..."

"ఊరందరికీ చెప్పి, నాకు క్రిస్మస్‌కా?"

"ఊరికి నేను చెప్పలా. మాస్టరుకు చెప్పినా."

"మాస్టరు కన్నాడా నీ కొడుకును?"

వాడు బకెట్టు కింద పెట్టాడు. వడ్డన కోసం కూర్చున్నవాళ్ళు ఆకుల ముందు బిక్కచచ్చి చూస్తున్నారు. తిరుగు బస్సులో వాడు ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో కూర్చున్నారు. మా సంఘం ఆడవాళ్ళు దారి పొడుగునా దుఃఖపు మొహాలు పెట్టుకుని చెవులు మాత్రం ఇటు వేశారు.

రెండో రోజే మా సంఘంలోని రెబెకమ్మ మా ఇంటికి వచ్చింది. "మీ ఏలియా విషయం ప్రార్థనలో పెట్టినాం రాహేలమ్మా. అసలేం జరిగిందో వివరంగా చెప్తే ఇంకా బాగా ప్రార్థన చేస్తాం."

"దేవుడికి వివరాలు తెలుసులే. తెలియంది నీకే" అని తలుపు దగ్గరగా వేశాను.

నాకు కోపం లేదనుకుంటారేమో. తోడబుట్టినదాన్ని, చంకనేసుకుని పెంచినదాన్ని. వాడు చెప్పేదాకా అడగకుండా నన్ను నేను కట్టేసుకున్నాను. ఆ మాటను చివరికి నేను విన్నది మైకులో, తెలియని ఊరి ఆడవాళ్ళ మధ్య. కోపం కంటే పెద్దది ఇంకొకటి ఉంది, భయం. ఏలియా శనివారం కూడికకు పోవడం మానేశాడు. నెల మొదటి ఆదివారం, అందరికీ రొట్టె పంచే ప్రభువు బల్ల నాడు, పళ్ళెం దగ్గరికి వస్తుండగా లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంట్లో బాడిస దెబ్బ తప్ప మాట లేదు. చిన్నప్పుడు మా నాయన మూసిన నోరు ఇన్నేళ్ళకు తెరుచుకుంది. ఇప్పుడు మళ్ళీ మూసుకుంటే ఇక తెరిపించేవాడెవడూ ఉండడు.

బల్ల నాటి సాయంత్రం దయాసాగర్ ఏలియా ఇంటికి వచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నాను. ఏలియా చెట్టు కింద కట్టె చెక్కుతున్నాడు. శీనమ్మ లోపల స్పూన్లు రుద్దుతోంది.

"పేరు చెప్పలేదు గదక్కా నేను" అన్నాడు నాతోనే, వాడితో అనే ధైర్యం లేక.

"పేరెందుకు నాయనా? ఊరు చెప్పినావు, పని చెప్పినావు, పెట్టె చెప్పినావు. ఇంక మిగిలింది రేషను కార్డే."

"ఆ దినం ఎంతమంది మొగోళ్ళు విడుదల పొందినారో నువ్వు చూసినావు గదా. ఆత్మకూరులో ఇద్దరు ముగ్గురు ఇప్పుటికీ ఫోన్లు చేస్తా ఉండారు. సాక్ష్యమంటే దాచుకునేది కాదక్కా."

"సాక్ష్యం వాడిది. నువ్వెవురు చెప్పేదానికి? బైబిలు మీద చెయ్యి పెట్టించినావే, నీ చెయ్యి యాడ పెట్టినావు అప్పుడు?"

ఏలియా బాడిస పక్కన పెట్టి లేచి వచ్చాడు. దయాసాగర్ రెండు చేతులూ జోడించాడు. వాడు ఆ చేతుల్ని కిందికి దించాడు.

"నా సిగ్గు బయటపెట్టినావని కాదు మాస్టరూ. సిగ్గు నాకు పాత చుట్టమే. నేను శీనకు చెప్పుకోవాల్సిన మాట అది. పదేండ్లు మోసి, నోరు కూడదీసుకోని, ఎట్ట మొదలుపెట్టాల అని దినమూ అనుకుంటా ఉన్నా. నా నోటితో చెప్పుంటే ఏడ్చేది, తిట్టేది, కొట్టినా కొట్టేది. అదంతా మాకు కావాల. నువ్వు దాన్ని తీసకపోయి ఎవురెవురికో పంచినావు. మళ్ళీ తెచ్చియ్యగలవా?"

ఇన్నేళ్ళలో నా తమ్ముడు అన్ని మాటలు కలిపి అనడం నేనూ వినలేదు. దయాసాగర్ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

శీనమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతుల నిండా కట్టె పొడి. అంతా విన్నదని చూస్తేనే తెలుస్తోంది.

"మైకులో నేను విన్నది ఆయన మాట. నువ్వు నాకింకా ఏం చెప్పలా" అంది.

"అంతా తెలిసిపాయె గదా శీనా."

"నాకేం తెలీదు. నువ్వు ఆ పొద్దున చొక్కా ఏసుకోని పోయినావు, అంతవరకే తెలుసు. ఆడి నుంచి చెప్పు. కూచో."

వాడు గడప మీద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది. నేను అరుగు దిగి మా ఇంటికి వచ్చేశాను. కొంచెం దూరం పోయాక శీనమ్మ గొంతు పెద్దగా వినబడింది, తిడుతోంది. తర్వాత ఏడుపు, ఎవరిదో చెప్పలేను. వాడు ఏం చెప్పాడో నేను అడగలేదు. మైకు చెప్పనివి కూడా ఉన్నాయని మాత్రం శీనమ్మ ఒకసారి అన్నది. అవేమిటో నాకూ చెప్పలేదు. చెప్పనందుకు మొదట నొచ్చుకున్నాను, తర్వాత మంచిదే అనుకున్నాను.

జనవరి బల్ల నాడు వాళ్ళిద్దరూ కలిసి వచ్చారు. పళ్ళెం మోసుకొచ్చింది దయాసాగరే. ఏలియా రొట్టె తీసుకున్నాడు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆయన వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను క్షమించినట్టేనా తమ్ముడూ?"

"క్షమించినా మాస్టరూ."

"అయితే శనివారం వస్తావు గదా?"

"రాను."

"అదేంది, క్షమించినానంటివే?"

"క్షమించినా కాబట్టి నీ చేతిలో రొట్టె తీసుకున్నా. నా మాటలు మాత్రం ఇంక ఇంట్లోనే."

ఎండెక్కుతోంది రమ్మని శీనమ్మ రోడ్డు మీద నుంచి పిలిచింది. వాడు చెయ్యి విడిపించుకుని వెళ్ళాడు. దయాసాగర్ మొహం చిన్నబోయి, నా వైపు తిరిగి "వందనాలు రాహేలక్కా" అన్నాడు. వాడు క్షమించాడు, అది వాడిష్టం. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను, ఆయన వెళ్ళేదాకా లేవలేదు.