ఒక ఊరి నీళ్ళ మీద మూడు చదువులు

1988 ఫిబ్రవరి, రెండో బుధవారం. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, రెండు పూటలకు సరిపడా సాంబారు, మా ఆయన బట్టల దుకాణానికి పంపే క్యారియరు, పాలు తోడు పెట్టడం, చాకలికి బట్టలు లెక్క చెప్పి ఇవ్వడం, ఇవన్నీ ఏడు లోపల ముగిశాయి. మజ్జిగ మిరపకాయలు ఎండలో పెట్టే పని ఒక్కటి పక్కింటావిడకు అప్పగించి బళ్ళారి బస్టాండుకు బయల్దేరాను.

ఈ ప్రయాణం మా ఆడబిడ్డ సరోజ కబురుతో మొదలైంది. ఆమె అత్తవారి ఊరు రూపనగుడి దాటాక మూడు మైళ్ళు లోపలికి ఉంటుంది. పేరు రాయను. ఆ ఊళ్ళో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి, పెళ్ళి సంబంధాలు చూసే ఇళ్ళు చాలా ఉన్నాయి. సరోజ కూతురు లలితకు తొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళుగా దాని మోకాళ్ళు లోపలికి వంగుతూ వస్తున్నాయి. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందేమో చూడటానికి ముగ్గురు పరిశోధకులు వస్తున్నారనీ, వాళ్ళది కన్నడం, ఊరి ఆడవాళ్ళది తెలుగు కనుక మాట అందించడానికి నన్ను రమ్మనీ సరోజ కోరింది. ఆ ఏడు కాలువ నీళ్ళు పైపుల్లో ఇచ్చే ఊళ్ళ పట్టీ తయారవుతోంది. ఈ ముగ్గురి నివేదిక చూసే ఆ ఊరి సంగతి తేలుతుందట.

ఏడున్నర ఎర్రబస్సుకు రూపనగుడి దాకా రెండు రూపాయలు. ముక్కాలు గంట పట్టింది. అక్కడినుంచి వేళకు బస్సు లేదు. మిరపకాయల మూటలు దింపి వెనక్కి పోతున్న ట్రాక్టరును ఆపాను. డ్రైవరు నా చీర చూసి, ట్రాలీలో గోనెసంచి పరిచాడు.

"నీళ్ళు చూసే సార్లు వస్తాండారంట. వాళ్ళ మనిషివాక్కా?"

"వాళ్ళకు మాట చెప్పే మనిషిని. ఎందుకప్పా?"

"ముందు గూడా వచ్చినారులే. రాసుకున్నారు, టీ తాగినారు, పోయినారు. మా బోరు ఈడనే ఉండాది, మా పండ్లూ ఈడనే ఉండాయి." అని తన పళ్ళు చూపించి నవ్వాడు. రూపాయి ఇస్తే అర్ధరూపాయి తిరిగిచ్చాడు. సీటు లేని ప్రయాణానికి అంతే చాలన్నాడు.

గడపలోనే సరోజ అత్తగారు హనుమక్క ఎదురైంది. "రామ్మా, రా. మీ వంశం కాళ్ళు చూసేకి పెద్ద పెద్ద డాక్టర్లే వస్తాండారు." లలిత కాళ్ళు సరోజ పుట్టింటి పోలికని, అంటే మా ఇంటి పోలికని ఆవిడ నాలుగేళ్ళుగా అంటూనే ఉంది. మా ఇంట్లో అందరి కాళ్ళూ తిన్నగానే ఉన్నాయని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవిన పెట్టలేదు. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను.

పదికి జీపు వచ్చింది. ఇంజినీరింగు కాలేజీలో చెప్పే సార్ ఒకరు. ఇంట్లో పెట్టుకునే నీటి వడపోత కుండ తయారు చేయడం ఆయన పరిశోధన. అందుకే బోరు దగ్గర కాక ఇళ్ళలోనే నీళ్ళు పడతానన్నారు. ఇంకొకరు వైద్య కళాశాల డాక్టరమ్మ. మూడో ఆయన బెంగళూరు నుంచి వచ్చిన యువకుడు. సర్కారు పథకాలు ఊరిదాకా ఎట్లా వస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అనేదే ఆయన చదువు. అరగంటలో ఊరు ఆయనకు ప్రశ్నల సారని పేరు పెట్టింది.

ఇంజినీరు సార్ పన్నెండు ఇళ్ళు ఎంచుకున్నారు. ప్రతి గడప దగ్గరా, "అమ్మా, సార్‌కు మీరు తాగే నీళ్ళు కొంచెం కావాలంట" అని నేను చెప్పాను. ప్రతి ఇంట్లోనూ గాజు సీసా కడిగి, నిండుగా పోసి, పైట చెంగుతో తుడిచి ఇచ్చారు. అదే సమయంలో డాక్టరమ్మ కన్నడం చదివే పిల్లల్ని బడి అరుగు మీద నిలబెట్టి పళ్ళు చూసింది, గొంతుక్కూర్చుని లేవమంది, పాలు ఎన్నాళ్ళకోసారి తాగుతారని అడిగింది. ప్రశ్నల సారు కన్నడం వచ్చిన మగవాళ్ళను పట్టుకుని, బోరు ఎవరు వేయించారు, కాలువనుంచి నీళ్ళబండి వారానికి ఎన్నిసార్లు వస్తుంది, ఎవరు ముందు పట్టుకుంటారు అని ఒక్కొక్కటే రాసుకున్నాడు.

మధ్యాహ్నం సార్ సీసాల్లో ఎర్రటి మందు చుక్కలు వేశారు. ఫ్లోరైడు ఎక్కువుంటే నీళ్ళు పసుపుకు తిరుగుతాయి, లేకుంటే గులాబీ రంగులోనే ఉంటాయి. పన్నెండూ గులాబీ రంగులోనే ఉన్నాయి.

"నీళ్ళలో దోషం లేదు," అన్నారు సార్ కన్నడంలో.

"పిల్లల ఒంట్లో ఉంది కదా!" అంది డాక్టరమ్మ. "నేను చూసిన పళ్ళు అబద్ధం చెప్పవు."

"నా మందూ చెప్పదు."

ప్రశ్నల సారు ఇద్దరి మధ్యకు వచ్చాడు. "పట్టీ వేసేవాళ్ళు పళ్ళు చూడరు మేడమ్. నీళ్ళ లెక్క చూస్తారు. ఈ లెక్క పోతే ఊరు పట్టీలోంచి పోయినట్టే."

సరోజకు కన్నడం అంతా అర్థం కాకపోయినా ముఖాలు అర్థమయ్యాయి. "ఏమంటాండారు వదినా? నీళ్ళు బాగుండాయంటనా? మల్లా నా బిడ్డ కాళ్ళెందుకు ఇట్లయినాయి?"

భోజనాల వేళ అయింది. జొన్నరొట్టె, వంకాయ కూర, పప్పు. పప్పు ఎంతకీ మెదగలేదని సరోజ నొచ్చుకుంది. కూర కారానికి నేను లేచి మూలనున్న బానలో చెంబు ముంచబోయాను. సరోజ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అది వద్దు వదినా! అది మేము తాగేది, బోరుది. నీకు ఈ బిందెలోది." గుడ్డ కప్పిన ఇత్తడి బిందె చూపించింది.

"ఇదేంది?"

"కాలువ నీళ్ళు. ఇంటికొచ్చినోళ్ళకు."

"పొద్దున సార్ సీసాలో యా నీళ్ళు పోస్తివి?"

సరోజ నన్ను వింతగా చూసింది. "అంత దూరం నుంచి వచ్చిన మనిషి గడపలో నిలబడి నీళ్ళడిగితే, బోరు నీళ్ళు పోస్తారా ఎవురన్నా?"

ఎదురింటికి వెళ్ళి అడిగాను. వాళ్ళూ బిందెలోవే పోశారు. ఆ పక్కింట్లో కాలువ నీళ్ళు అయిపోతే పొరుగింట ఒక చెంబు అడిగి తెచ్చి మరీ పోశారట. పన్నెండు ఇళ్ళూ మర్యాద తప్పలేదు.

ముగ్గురికీ చెప్పాను. ఇంజినీరు సార్ రొట్టె పక్కన పెట్టి చాలాసేపు నవ్వారు. "నేనూ తప్పు అడిగాను. మా ఇంట్లో అయినా చుట్టాలకు మా అమ్మ అట్లాగే చేస్తుంది," అన్నారు. మళ్ళీ సీసాలు కడిగించారు.

ఈసారి హనుమక్క అడ్డం నిలబడింది. "ఒగసారి ఇచ్చినాం గదా. ఇప్పుడు వేరే నీళ్ళిస్తే ముందు మోసం చేసినారని రాసుకుంటారు. చెడ్డనీళ్ళ ఇల్లని పేరు పడితే ఈ బిడ్డను ఎవురు చేసుకుంటారు?" ఆవిడ మాట విని మిగతా ఆడవాళ్ళూ వెనక్కి తగ్గారు. పేర్లు రాయం, ఇంటికో నెంబరు వేస్తాం అని ప్రశ్నల సారు చెప్పినా ఎవరూ కదలలేదు.

అప్పుడు డాక్టరమ్మ హనుమక్క ముందు కూర్చుంది. గడ్డం ఛాతీకి ఆనించమంది. హనుమక్క మెడ సగంలోనే ఆగిపోయింది. వంగి కాలివేళ్ళు ముట్టుకోమంది. నడుము వంగలేదు.

"ఎన్నాళ్ళుగా?" అన్న ప్రశ్నను తెలుగులో చెప్పాను.

"ఐదారేండ్లాయె. బోరు వేసినప్పుడు బాగానే ఉంటిని."

డాక్టరమ్మ లలితను పక్కన నిలబెట్టి, నాలుగేళ్ళుగా విన్నదంతా సరోజ తనకొచ్చిన కన్నడంలో చెప్పి ఉంటుంది కాబోలు, ఇంకో ప్రశ్న అడిగింది. నేను మాట మార్చకుండా అందించాను. "పాప కాళ్ళు వాళ్ళ అమ్మ పుట్టింటివి అంటున్నారు. మీ మెడ ఎవరి పుట్టింటిదమ్మా?"

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. హనుమక్క ఎవరివైపూ చూడలేదు. లోపలికి వెళ్ళింది. చెంబుతో మూల బానలో నీళ్ళు ముంచుకుని వచ్చి సార్ చేతిలో పెట్టింది. "తీసుకోప్పా. ఇది తాగే నీళ్ళు. ఆ నీళ్ళు నీకిచ్చినవి."

ఆవిడ ఇచ్చాక అందరూ ఇచ్చారు. మందు చుక్క పడగానే సీసా తర్వాత సీసా పసుపుకు తిరిగింది. సరోజ లలితను దగ్గరికి లాక్కుని చూస్తూ నిలబడింది. తర్వాత అడగాల్సింది అడిగింది. "కాళ్ళు చక్కనవుతాయా మేడమ్?"

డాక్టరమ్మ దాచలేదు. వంగింది దానంతట అది తిన్నగా కాదు, పెద్దయ్యాక శస్త్రచికిత్స చేయించాల్సి రావచ్చు, కానీ ఈ రోజు నుంచి బిందెలో నీళ్ళు పాపకే ఇచ్చి పాలు పోస్తే ఇంకా వంగకుండా కాపాడవచ్చు అంది. బిందె ఆ సాయంత్రమే లలిత మంచం పక్కకు చేరింది. జీపు బానెట్టు మీద కాగితం పెట్టి ముగ్గురూ సంతకాలు చేశారు. సీసాల లెక్క ఒకరిది, పిల్లల లెక్క ఒకరిది, బండి వారానికి రెండుసార్లే వస్తుందన్న లెక్క మరొకరిది. ఐదున్నరకు నన్ను రూపనగుడిలో దించారు, ఆరింటి బస్సు దొరికింది.

బస్సులో కూర్చుని ఆలోచించాను. చదువంటే ఒకటే అనుకునేదాన్ని, పెద్దది చిన్నది అంతే. ఆ రోజు చూస్తే ఒకరు కుండలోకి చూశారు, ఒకరు మోకాలు పట్టుకున్నారు, ఒకరు నీళ్ళబండి వచ్చే దారి అడిగారు. పొద్దున ముగ్గురూ విడివిడిగా సరిగ్గానే పనిచేశారు, అయినా ఊరు నష్టపోయేదే. ఒకరి ఫలితం ఇంకొకరికి నచ్చక వాదించుకున్నారు కనుకే నీళ్ళలో దోషం లేదన్న మాటతో ఆ విషయం ముగిసిపోలేదు. మీరు ఎవరికైనా తోడుగా ఇట్లాంటి పనిమీద పల్లెకు వెళ్తే ఒక్కటి చేయండి. ముందు చుట్టంలా ఇచ్చిన నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టండి. ఆ తర్వాతే, పిల్లలు బడినుంచి వచ్చి ఏ కుండలో ముంచుకుంటారో అది చూపించమనండి.

ఉగాది దాటాక ముగ్గురూ మళ్ళీ వచ్చి బడి అరుగు మీద ఫలితాలు చదివారు. నేనూ వెళ్ళి తెలుగులో చెప్పాను. పట్టీలో ఊరి పేరుంది. హనుమక్క అందరి ముందూ లేచి, నా వైపు తిరిగి, "వంశం గాదమ్మా, బోరు. నేనే ఊరికే అంటి," అంది. మా ఇంటికి రావలసిన మాట అది. ఆ రాత్రి ఇంటి ఖర్చుల పద్దులో రాసుకున్నాను: హనుమక్క బాకీ, చెల్లు.