హంసాబెన్ చేసిన ఫాస్టింగ్

హంసాబెన్‌ను చంపింది మీరే. ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఎవరికన్నా ఒక ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోతే, వెనక నిలబడి "జల్దీ కానియ్యండి" అని విసుక్కుంటారు చూడండి... ఆ మీరే. ఎట్లనో చెప్తాను, చదవండి.

మా చిన్నప్పుడు... చైతన్యపురిలో ఒకే వాకిలి చుట్టూ మూడు వాటాలు. ముందు వాటాలో ఇంటి ఓనరమ్మ, గుంటూరు నుంచి వచ్చిన సరోజినిగారు. వెనక రేకుల వాటాలో మేము, నల్లగొండ పల్లె నుంచి బతకొచ్చినవాళ్ళం. నడిమి వాటాలో గుజరాతీవాళ్ళు... హంసాబెన్, ఆమె భర్త జయంతిభాయ్, బిడ్డ నయన. జయంతిభాయ్‌కి దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద చీర ఫాల్స్, లైనింగ్ గుడ్డల దుకాణం. నయనా నేనూ ఒకే క్లాసు.

హంసాబెన్ ఉపవాసమంటే వాకిలంతా పండుగే. ఆ రోజు ఆమె బియ్యం, గోధుమలు, పప్పులు ముట్టేది కాదు. సగ్గుబియ్యం నానబెట్టి, ఆలుగడ్డ ముక్కలు, దంచిన పల్లీలు వేసి, నిమ్మకాయ పిండి ఖిచిడీ చేసేది... మీద గ్లాసెడు పాలు. ఉపవాసంలో తినదగిన ఆ తిండిని వాళ్ళు ఫరాళ్ అంటారు. మేం గిన్నెలు పట్టుకొని గడపలో కాసుకొని కూర్చునేవాళ్ళం.

"గిదేం ఉపాసం హంసక్కా! మేం మామూలు దినాల గూడ గింత తినం గద" అని మా అమ్మ ఎక్కిరించేది.

"తూ కర్‌కే దేఖ్ యాదమ్మా... అన్నం లేకుండ ఒక పూట ఉండు, తెలుస్తది!" అని హంసాబెన్ నవ్వుతూనే తిట్టేది.

ఒక ఏడు ఆమెకు కడుపునొప్పి పట్టుకుంది. ఎల్బీనగర్ దిక్కు ఒక ప్రైవేటు దవాఖానలో చూపిస్తే గర్భసంచిలో గడ్డ అన్నారు. డాక్టరు చెప్పిందంతా ఇంగ్లీషే. ఆఖర్న నర్సు ఒక్క ముక్క చెప్పి పంపింది... "రేపు ఆపరేషన్. ఫాస్టింగ్‌లో రావాలి."

సాయంత్రం వాకిట్లో ఆ ముక్క మీద పెద్ద పంచాయితీ. నయన వాళ్ళ తాత రాజ్‌కోట్ నుంచి పంపిన ఇంగ్లీషు-గుజరాతీ డిక్షనరీ తెచ్చింది. ఫాస్ట్... "ఝడపీ" అని చదివింది. అంటే తొందర.

"జల్దీ రమ్మన్నరేమో" అన్నది మా అమ్మ. అందరూ నవ్వారు.

నయన వేలు కిందికి జరిపింది. "మమ్మీ, ఉపవాస్!"

"అవునండీ, ఉపవాసమే. కడుపు తేలిగ్గా ఉంచుకోమని చెప్తారు కదా" అన్నారు సరోజినిగారు.

హంసాబెన్ ముఖం వెలిగిపోయింది. "ఉపవాసమా! అది నాకొకరు నేర్పాల్నా?"

తెల్లారి స్నానం చేసి, దీపం పెట్టి, ఖిచిడీ చేసుకొని తిన్నది. పాలు తాగింది. మా గిన్నెల్లోనూ పెట్టింది... ఆటో ఎక్కింది. జయంతిభాయ్ దుకాణం సర్దుకొని వెనక వస్తానంటే, తోడుగా మా అమ్మ పోయింది.

థియేటర్ ముందు నర్సు అడిగిందట, "ఫాస్టింగేనా?" అని. "హా, పూరా ఫాస్టింగ్. అనాజ్ ఏక్ దానా నహీ" అన్నదట హంసాబెన్. ఆమె లెక్కలో అనాజ్ అంటే బియ్యం, గోధుమలు. నర్సు లెక్కలో, ఏమీ తినలేదని. ఇద్దరూ తలలూపుకున్నారు. ఎవరూ అబద్ధమాడలేదు.

హంసాబెన్ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

"యాస్పిరేషన్" అని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడట. నయన ఆ మాట కోసం కూడా డిక్షనరీ తీసింది. "మహత్వాకాంక్షా" అని ఉంది. మా అమ్మ దగ్గరికొచ్చి అడిగింది... "అంటే పెద్ద పెద్ద కోరికలంట ఆంటీ. మా మమ్మీకి ఏం కోరికలున్నయ్?"

మా అమ్మ నయనను ఒళ్ళోకి లాక్కున్నది.

చిన్న డాక్టరొకాయన, కబురు తెలిసి పోయిన మా నాయనను పక్కకు పిలిచి తెలుగులో చెప్తే తెలిసింది. మత్తులో ఉండగా, తిన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయిందట. పొట్టలో ఏమీ ఉండకూడదట... పాలు కూడా. ఆ సంగతి ముందురోజు చెప్పడానికి ఎంత సేపు పడుతుంది?

ఆ తర్వాత మొదలైంది అసలు అన్యాయం. "ఫాస్టింగంటే తెల్వదా?" అని దవాఖానవాళ్ళు. "ఒక్క పూట నోరు కట్టుకోలేకపోయింది" అని వీధిలోవాళ్ళు. నోరు కట్టుకోవడంలో ఆమెను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు! డిక్షనరీ తప్పు చెప్పలేదు. సరోజినిగారు తప్పు చెప్పలేదు. మాటకు అర్థం డిక్షనరీలో దొరుకుతుంది. ఆ మాటను ఆపరేషన్ థియేటర్లో ఎట్లా వాడతారో డిక్షనరీకేం తెలుసు? కత్తి పట్టుకున్నవాళ్ళు చెప్పాలి. చెప్పకుండా చచ్చినామె మీద తోసేయడాన్ని నిర్లక్ష్యం అని సున్నితంగా అనకండి. అది పొగరు.

ఇప్పుడా వాకిలి లేదు, దాని మీద హాస్టల్ లేచింది. రోడ్డు మీద మెట్రో పోతోంది. మొన్న ఎల్బీనగర్‌లోనే ఒక ఆస్పత్రికి పోతే, తుర్కయంజాల్ దిక్కు పెద్దాయనకు కౌంటర్ పిల్ల చెప్తోంది... "తాతా, రేపు ఆపరేషన్. ఫాస్టింగ్‌లో రావాలి."

"రేపు శనారమే గద బిడ్డా, నేనెట్లనైనా ఉపాసమే. జరంత ఉప్మా తినొస్త" అన్నాడాయన.

క్యూ అంతా నవ్వింది. ఆ పిల్ల అప్పటికే "నెక్స్ట్" అంటోంది. "ఏమీ తినొద్దని సరిగ్గా చెప్పమ్మా ఆయనకు!" అని నేను అరిచాను. అవును, అరిచాను. "ఎందుకండీ ఇంత సీన్?" అన్నాడు వెనకాయన.

మీ ఇంట్లో ఇట్లా ఎవరు ఏ మాటకు బలైపోయారో కింద రాయండి. రాసి ఊరుకోకుండా, మీరు పోయే ప్రతి ఆస్పత్రిలో ఇవి అడగండి:

• "ఫాస్టింగ్" అని వదిలేయొద్దు. ఎప్పట్నుంచి తినొద్దో, ఎప్పట్నుంచి పాలు, చాయ్, నీళ్ళు తాగొద్దో విడివిడిగా, మా భాషలో చెప్పాలి.

• చెప్పింది మా నోటితో తిరిగి చెప్పించుకోవాలి.

• మత్తు ఇచ్చే ముందు "ఫాస్టింగేనా" అని కాదు, "ఆఖరుసారి నోట్లో ఏం పెట్టుకున్నారు, ఎప్పుడు" అని అడగాలి.

• మా భాష మీకు రాకపోతే, వచ్చిన మనిషిని జీతమిచ్చి పెట్టుకోవాలి. బడి పిల్లల మీద వేయొద్దు.

• మనిషి పోతే ఎట్లా పోయిందో ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.