మారుపేరుతో తెరుచుకున్న సైటు

గోదావరిఖనిలో సుసన్నా అక్క నడిపే నెట్ సెంటర్‌లో నేను పని చేస్తాను. అక్కడికి వచ్చేవాళ్లలో సదయ్య కాకంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని చేసి రిటైరయ్యాడు. ఆయనతో పనిచేసినవాళ్లు రోడ్డు మీద కనిపిస్తే మాత్రం "మొగిలన్నా" అని పిలుస్తారు.

మొగిలి ఆయన పెద్దనాన్న కొడుకు. బాయి ఉద్యోగం వచ్చింది అతనికే. భూమిలోకి దిగాలంటే భయపడి మొదటి వారమే ఊరికి పారిపోతే, ఆ పేరు మీద సదయ్య కాక దిగాడు. అప్పట్లో ఇక్కడ అలా మారుపేర్లతో చేరినవాళ్లు చాలామందే. ఒకసారి పైకప్పు కూలబోతుంటే పక్క మనిషిని లాగి కాపాడినందుకు ఆయనకు శాలువా కప్పారట. మైకులో పిలిచింది మాత్రం మొగిలి పేరే. ఆయన భార్య సారక్క ఇప్పటికీ దాన్ని మొగిలి శాలువా అనే అంటుంది.

ఈ వానాకాలం సారక్కకు రెండు కళ్లలో శుక్లాలు ముదిరాయి. పొయ్యి మంట కనబడక చెయ్యి కాల్చుకుంది. హైదరాబాదులో ఒక ధర్మ దవాఖాన ఉచితంగా ఆపరేషన్ చేస్తుంది. తేదీ మాత్రం వాళ్ల సైటులోనే తీసుకోవాలి. ప్రతి సోమవారం పొద్దున బుకింగ్ తెరుస్తారు, కాసేపట్లోనే నిండిపోతుంది.

ఆ సోమవారం ఇద్దరూ ముందే వచ్చారు. నేను సైటు తెరిస్తే ఎర్రటి అక్షరాలు వచ్చాయి: ఈ బ్రౌజర్‌తో ప్రవేశం లేదు, ఫలానా బ్రౌజర్‌తోనే రండి అని. వాళ్లు చెప్పిన బ్రౌజర్ మా పాత కంప్యూటర్లలో ఎక్కదు. ఫోన్‌లో తెరిస్తే కంప్యూటర్‌లో చూడమంటోంది. మా బ్రౌజర్ అన్ని సైట్లూ బాగానే చూపిస్తుంది. ఇక్కడ మాత్రం దాని పేరు అడిగి బయటే ఆపేస్తున్నారు. దాన్ని వేరే పేరు చెప్పేలా మార్చే దారి ఒకటి నాకు తెలుసు. అక్క చెవిలో చెప్పాను.

అక్క ఆయన వైపు తిరిగింది. "కాకా, ఇది పేరు మార్చి చెప్తె లోపలికి పోనిస్తరు. చెయ్యాల్నా?"

ఆయన సారక్క కాలిన చెయ్యి వైపు చూశాడు. "సారక్క కంటి కోసం చెయ్యి బిడ్డా. కని తేదీ దొరికినంక, గిట్ల వచ్చినమని వాళ్లకు చెప్పాలె."

పేరు మార్చగానే సైటు తెరుచుకుంది. ఎర్ర అక్షరాల జాడ కూడా లేదు. సారక్కకు తేదీ దొరికింది. ఇప్పుడు చెబితే ఆ తేదీ తీసేస్తారేమోనని అక్క భయపడింది. సారక్కకైతే కాక మీద కోపమే వచ్చింది.

"నీ భయానికి నా కన్ను పణం పెడ్తవా?"

"భయం పోవాలనే చెప్పమంటున్న. మస్టరుల హాజరుకు మొగిలి అని పిలిచినప్పుడల్లా, ఇయ్యాల దొరికిపోతనేమో అని గుండె దడదడలాడేది. నువ్వు దవాఖాన బల్ల మీద పండుకున్నప్పుడు గా దడ నాకొద్దు."

సారక్క కాలిన చేతిని కొంగులో దాచుకుంది. "మొగిలి పెండ్లాం అంటే నేను గూడ పలికిన కద. రాయిపియ్యి బిడ్డా" అంది అక్కతో.

నేను క్షమించమని మెయిల్ మొదలుపెట్టబోతే కాక వద్దన్నాడు. తప్పయిందని రాయొద్దు, ఉన్నది రాయమన్నాడు. పేరు మార్చే ఉపాయం తెలియనివాళ్లు ఇంకా బయటే నిలబడి ఉన్నారని కూడా రాయించాడు.

ఆ వారమంతా ఆయన రోజూ వచ్చి జవాబు వచ్చిందా అని అడిగాడు. లేదంటే రేపొస్తానని వెళ్లిపోయేవాడు. శనివారం ఇద్దరూ సెంటర్‌లో ఉండగా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టాం. తేదీ అలాగే ఉంది, రమ్మంది అవతలి అమ్మాయి. సైటు వేరేవాళ్లు చేశారనీ, ఇలా కొందరిని ఆపేస్తోందని తమకు తెలియదనీ, వాళ్లకు చెప్పి మార్పిస్తామనీ అంది. వచ్చేముందు షుగరు పరీక్ష చేయించుకోమంది.

ఎప్పటికి మారుస్తరు బిడ్డా అని కాక అడిగాడు. కనుక్కుని చెప్తానంది ఆ అమ్మాయి. మళ్ల సోమవారం వచ్చి సైటు మారిందో లేదో చూస్తానన్నాడాయన.

సారక్క ఆయన మోచెయ్యి పట్టుకుని లేచింది. "సోమవారం సంగతి సోమవారం. ముందు షుగరు పరీక్షకు నడువు."