పాట మధ్యలో వాగుడు

మా మనవరాలు పీజీలో చదివేది కంప్యూటరో, సంగీతమో నాకు మొదటి ఏడాదంతా అర్థం కాలేదు. రెండూ కలిపిన కోర్సట. మైలవరం చుట్టుపక్కల చర్చిల్లో ముసలివాళ్లు పాడే కీర్తనలు రికార్డు చేసి, ఏ పాట ఏ ఊళ్లో ఎలా మారిందో కంప్యూటరు చేత కనిపెట్టించడం తన ప్రాజెక్టు.

మా చర్చిల్లో ఒక పద్ధతుంది. చదువు రానివాళ్ల కోసం, ఒక చరణం ముగుస్తుండగానే ముందు నిలబడ్డవాడు తర్వాతి చరణం మాటలు గబగబా అందిస్తాడు. సంఘం అందుకుని పాడుతుంది. మా భవానీపురం చర్చిలో ఆ పని యాభై ఏళ్లు నేనే చేశాను. సరే, ముప్పై. గొంతు పోయిన కాలం తీసేస్తే ఇంకా తక్కువే.

మనవరాలి ప్రాజెక్టు చూసే గైడు ఆ రికార్డులు విని, "మధ్యలో ఎవడో వాగుతున్నాడేంటమ్మా? ఆ నాయిస్ తీసేసి తీసుకురా, ప్రాజెక్టు మీద సంతకం పెడతాను" అన్నాడట.

వాగుడా! ఒళ్లు మండిపోయింది. పిల్లను వెంటబెట్టుకుని కాలేజీలో ఆయన గదికి వెళ్లాను.

ఆ గదిలో గర్జించాను. "అయ్యా, అక్షరం ముక్క రాని కూలిమనిషి పాటంతా తప్పులేకుండా పాడుతున్నదంటే ఆ వాగుడు వల్లే! మీ మిషనుకు రాగం కావాలి గానీ మనుషులు అక్కర్లేదా?" అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మా వీధిలో ఇలాగే చెప్పుకుంటున్నాను. నిజానికి ఆయన లేచింది ఫోను ఛార్జింగ్ పెట్టడానికి. "పెద్దవారు, మీరైనా చెప్పండి. తీసేస్తే ఏం పోతుందండీ?" అన్నాడు. పిల్ల డిగ్రీ ఆయన చేతిలో ఉంది. "అలాగేనండీ, తీసేస్తుందండీ" అన్నాను. గర్జన ఆటో ఎక్కాక వచ్చింది.

"గదిలో అనాల్సినవి ఆటో ఆయనకి చెప్తావేంటి తాతయ్యా?" అంది.

"నువ్వు పాసవ్వాలనేగా!"

"నా పాస్ సంగతి నేను చూసుకుంటాగా. నువ్వెందుకు ఒప్పుకున్నావ్?"

తను తీయలేదు. అందించే మాటలకు విడిగా గుర్తులు పెట్టి, వాటిని పోల్చుకోవడం కంప్యూటరుకు నేర్పి, అలాగే ఇచ్చింది. సంతకం పడలేదు. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరుతుంటే మా పిల్ల ఇంకిన్ని పాటలు రికార్డు చేయడానికి మళ్లీ మైలవరం బస్సెక్కుతోంది.

కంప్యూటరుకు కళలు నేర్పుతామని బోర్డు పెట్టి, మనిషి గొంతును చెత్తలా ఊడ్చేయమనే చదువేం చదువు? కోపం ఇంకా తగ్గలేదు. అందులో సగం, ఆ రోజు తలూపిన ముసలాడి మీద.

"ఈసారి మీ గైడుతో నేను మాట్లాడతానే" అన్నాను.

"ఈసారి నువ్వు గుమ్మం బయట కూర్చో తాతయ్యా" అంది. నవ్వలేదు.