అమావాస్యకు ఆగిపోయే పేజీ

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు మా ఇంటి హాల్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పని చేసుకుంటూ ఉండగా, తెర మీద ఏదో తప్పు కనిపించింది. ఆ పిల్ల దాన్ని సరిగ్గా చదవనైనా చదవకుండా ఉన్నదున్నట్టు ఎత్తి, అడిగినదానికల్లా జవాబు చెప్పే ఏఐ ముందు పెట్టింది. నేనిచ్చిన టీ చల్లారకముందే అది మందు చెప్పడం, ఈమె దిద్దడం, పేజీ నడవడం అన్నీ అయిపోయాయి. "ఖాలా, మీ రోజుల్లో ఇవన్నీ ఎట్లా కనిపెట్టేవాళ్లు?" అని అడిగి, ఇంతలో ఫోన్ మోగితే జవాబు వినకుండానే లేచిపోయింది. పోతే పోయింది గానీ, పీహెచ్‌పీ భాషలో ప్రోగ్రాములు రాసి బతికిన నా ఈడువాళ్లు ఇంకా కొందరు ఉంటారు కదా, వాళ్లకు చెబుతాను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. మా నాన్నది నెల్లూరులో దర్జీ కొట్టు. ఆడపిల్ల ఊరు దాటి ఉద్యోగానికి వెళ్లడమేమిటని ఇంటి పెద్దలు ఏడాదిపాటు తర్జనభర్జనలు పడి, చివరికి సరే చూద్దామన్నారు గానీ, ఈ ఒక్కటీ కుదరకపోతే ఇక మళ్లీ ఆ మాట ఎత్తకూడదని ముందే తేల్చేశారు. అలా అల్లూరులో ఒక చిన్న ఆఫీసులో మూడు నెలలు చూసి ఉంచుకునే షరతు మీద చేరి, రోజూ పొద్దున్నే బస్సెక్కి, దారి పొడుగునా వరిచేలూ రొయ్యల చెరువులూ చూస్తూ వెళ్లేదాన్ని. నా మొత్తం భవిష్యత్తు ఆ మూడు నెలల్లో ఇరుక్కుని ఉందని తెలిసినా, కిటికీ పక్క సీటు దొరికితే మాత్రం రాణీగారిలా కూర్చునేదాన్ని.

ఆ ఆఫీసు చెరువుల రైతులకు మేత సలహాలిచ్చేది. రైతులు తలా ఒక రోజున చెరువులో విసురు వల వేసి, పడిన రొయ్యల్ని తూచి, ఒక్కో రొయ్యకు ఎంత పడిందో ఆ తూకం మాకు ఫోన్లో చెప్పేవారు, నేను దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని. నిన్నా ఇవాళా వచ్చిన తూకాలన్నీ కూడి, ఎన్ని వచ్చాయో అన్నిటితో భాగించి, సరాసరి రొయ్య బరువును బట్టి రేపు ఎంత మేత వేయాలో చెప్పే పట్టికను పేజీ మీద చూపించాలి. ఆ ప్రోగ్రాం రాసింది మా సీనియర్. ఆయన నెల్లూరులో ఉండేవారు, ఏదైనా చెడితే బస్సులో వచ్చేవారు, మంచి తెలివైన మనిషే గానీ తన తెలివి మీద తనకు మరీ ఎక్కువ నమ్మకం.

నేను చేరిన రెండో వారంలో ఒక పొద్దున ఆ పేజీ ఆగిపోయింది. పట్టిక ఉండాల్సిన చోట రెండు వరసల ఇంగ్లీషు, డేటాబేస్ నుంచి ఫలితం రాలేదని, ఫలానా వరసలో తప్పని. మరునాడూ అంతే. మా సీనియర్ వచ్చేసరికి మూడో రోజైంది, అప్పటికి పేజీ ఏమీ ఎరగనట్టు చక్కగా నడుస్తోంది, డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పిలాగా. ఆయన ఆ ఫలానా వరసను పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చూసి, అందులో ఏ లోపమూ కనిపించక, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నువ్వే ఏదో ముట్టుకుని ఉంటావని నా మీదికి తిప్పారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే వరస, అదే తప్పు, అవే రెండు రోజులు, అదే మాట. ఈసారి ఆఫీసు యజమాని నన్ను పిలిచి, కోపంగా కాదు, నెమ్మదిగానే చెప్పాడు. "చూడు పాపా, ఇంకోసారి ఇట్నే ఆగిపోతే మళ్లీ కాయితాల మీదికే పోతాం. నువ్వు ఇంటికాడే ఉండు." నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండింది, ఎందుకంటే నేను దేన్నీ ముట్టుకోలేదు.

ఆ కోపంలోనే ప్రోగ్రాం మొత్తం కాగితాల మీద అచ్చు తీసుకుని బస్సులో చదవడం మొదలుపెట్టాను. తప్పు ఆ వరసలో లేదని నాలుగో రోజుకు అర్థమైంది. దానికి పది వరసల పైన భాగహారం ఉంది. తూకాలు ఒక్కటీ రాకపోతే సున్నాతో భాగించాలి, సరాసరి అనేదే పుట్టదు, లేని బరువును పట్టుకుని మేత అడిగితే డేటాబేస్ మాత్రం ఏం చెబుతుంది? అయితే నలభైమంది రైతులున్నప్పుడు వరసగా మూడు రోజులు ఒక్కరూ వల వేయకపోవడం ఏమిటి? నమోదులు తీసి చూస్తే నిజంగానే ఆ రోజులు ఖాళీ. ఎందుకు ఖాళీయో తెలియదు. ఆ మాట మా సీనియర్‌తో అంటే, ఫోన్లు వచ్చి ఉంటాయి, నువ్వే ఎక్కించి ఉండవన్నారు.

రెండు వారాలు అలాగే గడిచాక ఒక సాయంత్రం మా అమ్మ బియ్యంలో రాళ్లేరుతూ, ఇంకో ఆరేడు రోజుల్లో నెలవంక చూడాలి, ఈసారైనా మిద్దె మీదికి రా, పోయిన రెండు నెలలూ మొహం మాడ్చుకుని వచ్చి పడుకున్నావు అని దెప్పింది. మా ఇళ్లలో నెల మొదలయ్యేది కళ్లారా నెలవంకను చూశాకే కాబట్టి అమ్మకు ఆ సాయంత్రాలన్నీ కంఠతా. నేను మాత్రం చేటలో చెయ్యి పెట్టినదాన్ని పెట్టినట్టే ఉండిపోయాను. పేజీ ఆగినందుకే కదా ఆ రెండుసార్లూ నేను మొహం మాడ్చుకుని వచ్చింది! గోడమీది క్యాలెండర్ దింపి చూస్తే రెండుసార్లూ అమావాస్య, ఆ మరునాడు.

మర్నాడు మేతబస్తాల కోసం ఆఫీసుకు వచ్చిన ఒక ముసలి రైతును, చేపల వేట మానుకుని చెరువు తవ్వుకున్న పెద్దాయనను, బల్లమీద కూర్చోబెట్టి అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "అమావాస్యకి వలేస్తామా పాపా? రొయ్య కుబుసం ఇడిసి మెత్తంగా ఉంటాది. ముందు పొద్దు, ఆ పొద్దు, మరుసటి పొద్దు ముట్టుకుంటే చచ్చిపోతాది. ఇది గూడా తెలీకుండానే మాకు మేత చెప్తా ఉండారా మీరు?" పౌర్ణమికీ కుబుసం విడుస్తుందట గానీ, అప్పుడు వల ఆపేవాళ్లు ఆపుతారు, వేసేవాళ్లు వేస్తారు, అందుకే ఆ రోజుల్లో మా పేజీ ఎలాగో గట్టెక్కేది. చెరువుల మీద చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి మాకెవరూ చెప్పలేదు. అంత తెలిసిన సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు, పట్నంవాళ్లం మేమూ అడగలేదు.

దిద్దుబాటు నాలుగు వరసలు. తూకాలు లేకపోతే భాగించకుండా, ఆఖరుసారి వచ్చిన సరాసరినే వాడుకోమని. రాసి పక్కన పెట్టుకున్నాను, కానీ పేజీలో పెట్టలేదు. పెట్టేస్తే తప్పు మాయమవుతుంది, నింద నా నెత్తినే ఉండిపోతుంది. యజమాని దగ్గరికి వెళ్లి, వచ్చే బుధవారం పొద్దున పేజీ ఆగిపోతుంది, అంతకు ముందు ఆగదు, ఆ రోజు ఆగకపోతే గురువారం నుంచి నేను రాను అని చెప్పాను. రైతులు ఇబ్బంది పడకూడదని బుధవారానికి కావలసిన పట్టికను ముందు రోజు సాయంత్రం ఆఖరు సరాసరితో చేత్తో రాసి బల్ల సొరుగులో ఉంచాను. మా సీనియర్ నవ్వి, జోస్యం కూడా మొదలుపెట్టావా అన్నారు. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు, అయినా తల మాత్రం దించలేదు.

బుధవారం ఆయన తొలి బస్సుకే వచ్చారు. యజమాని, ఆయన, బల్లమీద ఆ ముసలి రైతు. పేజీ తెరిచాను. అవే రెండు వరసల ఇంగ్లీషు! ఆ తప్పును చూసి నేనంత సంతోషించిన రోజు ఇంకోటి లేదు. పాత ఫైలు తీసి నా ఫైలు పెట్టి మళ్లీ తెరిచాను. పట్టిక నిండుగా వచ్చింది. సొరుగులోంచి చేత్తో రాసింది తీసి పక్కన పెడితే అంకె అంకె కలిసింది. "అంత చదువుకున్న పెట్టెకి అమావాస్య సంగతి ఈ పాప చెప్పాల్సొచ్చినాది" అని ముసలాయన అంటే యజమాని పగలబడి నవ్వాడు. మా సీనియర్ నవ్వలేదు. ఆ నాలుగు వరసల్నీ రెండుసార్లు చదివి, తన కుర్చీలోంచి లేచి, కూర్చోమ్మా, మిగతావి కూడా నువ్వే చూడు అన్నారు. ఆ రోజు ఆయన పెద్దమనసు నాకు కనిపించింది. మూడో నెల నిండకుండానే ఉద్యోగం ఖాయమైంది. ఆ సాయంత్రం మా నాన్న కొట్టు ముందుగా కట్టేసి, బస్టాండు దాకా నడిచి వచ్చి నా సంచీ అందుకున్నాడు.

తర్వాత చాలా చోట్ల చేశాను, నా కింద చాలామంది చేశారు. ఇప్పుడు నేను నోరు తెరవకముందే, మేడమ్ గారు చెప్పారంటే అంతే అంటారు. నేను పొరపాటు చెప్పినా తలూపుతారు. ఇదంతా గౌరవమే, కాదనను. కానీ ఎవరూ నమ్మని రోజుల్లో, నేను చెప్పింది నిజమని ఆకాశంలోని చంద్రుడు వచ్చి సాక్ష్యం చెప్పేదాకా తలెత్తుకుని కాచుకున్న ఆ పిల్ల నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మళ్లీ అలా గెలవాలంటే ముందు నన్ను కాదనేవాళ్లు ఒక్కరైనా ఉండాలి, ఇప్పుడు వాళ్లెవరూ మిగల్లేదు.