లోపలి నుంచి తట్టిన తలుపు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. క్యాన్సర్ కణాలను పెంచి, వాటిలో ఏ జన్యువు పనిచేస్తోందో, ఏది మూసుకుపోయిందో చూడటం నా ఉద్యోగం. రుజువు లేనిదాన్ని గడప తొక్కనివ్వను.

ఇది అబుదాబిలో, కోవిడ్ సద్దుమణిగాక జరిగింది. అంతకుముందు ఈ ఊరి శివారునే, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా ఎలీసమ్మ పిన్ని దగ్గర ఉండేదాన్ని. పిన్నిది పాలకొల్లు. ఇక్కడే నర్సుగా ఏళ్ల తరబడి చేసింది. స్పృహలేని రోగి గదికైనా సరే, రెండుసార్లు తలుపు తట్టి, "అమ్మా, నేనే, పక్క మారుస్తున్నా" అని చెప్పాకే చెయ్యేసేది. అరబ్బులకైనా అదే తెలుగు. నేను నవ్వితే, "తెలివి తప్పినా మనిషి మనిషేనే. చెప్పకుండా ముట్టుకోకూడదు" అనేది.

ఆ పిన్నికే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డను పరిశోధనకు రాసిచ్చేసింది. ఏడాది తిరక్కుండానే పోయింది. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చింది, ఆ జబ్బు మీద.

మా ల్యాబుకు వచ్చే కణాలు ఎవరివో చెప్పరు. కోడ్ నంబరే ఉంటుంది. అప్పుడు మా దగ్గరున్న రొమ్ము క్యాన్సర్ కణాల్లో, గడ్డ పెరగకుండా ఆపాల్సిన జన్యువొకటి మూసుకుపోయి ఉంది. మందుతో దాన్ని మళ్లీ తెరిపించాలి. తెరుచుకుంటే కణాలు ఆకుపచ్చగా వెలిగేలా ఏర్పాటు చేసుకున్నాం. మందులు మార్చాం, మోతాదులు మార్చాం. నెలల తరబడి చీకటే. మా ముదీర్, అంటే మేనేజరు, "ఖలాస్, ఇక అయిపోయింది" అని, అవి పారేసి వేరే పని చూడమన్నాడు. నేను పోట్లాడి ఇంకొంత గడువు తెచ్చుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పిన్ని ఊరికే అనేది కాదు. ఆ గడువూ అయిపోయింది.

ఆ మధ్యాహ్నం గది నిండా ఎండ. నేనూ, నాతో పనిచేసే తెలంగాణ అమ్మాయి షబానా కణాల ప్లేట్లన్నీ బయటికి తీసి, చంపడానికి బ్లీచ్ కలుపుతున్నాం. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ మూసే ఉంది. దాని లోపలి నుంచి అద్దం మీద తట్టిన చప్పుడైంది. రెండుసార్లు.

షబానా చేతిలో సీసా అలాగే ఆగిపోయింది. "అక్కా, లోపల్నుంచి ఎవరో కొట్టిన్రు" అంది.

ఖాళీ చేశామనుకున్న ఇంక్యుబేటర్ అది. తెరిస్తే పై అరలో, వెనకాల ఒక ప్లేటు మిగిలి ఉంది. మందు కడిగేసి, ఇక పనికిరాదని పక్కకు నెట్టిన ప్లేటు. మైక్రోస్కోపు కింద పెట్టాను. కనుచూపు మేరా ఆకుపచ్చ.

నాకు కళ్లు మసకబారాయి. బ్లీచ్ సింకులో పారబోశాం.

మందు కడిగేశాక కణాలకు కొంత వ్యవధి ఇవ్వాలని, అప్పుడే ఆ జన్యువు నిదానంగా తెరుచుకుంటుందని తర్వాత పదే పదే చేసి తేల్చుకున్నాం. ఇన్నాళ్లూ తొందరపడి చూసి పారేస్తున్నామన్నమాట. అంతవరకు నా దగ్గర రుజువుంది.

చప్పుడుకే లేదు. మెకానిక్‌ను పిలిపించి ఫ్యాను, అరలు, తలుపు అన్నీ విప్పించాను. లోపమేమీ లేదన్నాడు. వేడికి అద్దం సాగిందేమోనని ఎన్నిసార్లు తెరిచి మూసినా ఆ చప్పుడు మళ్లీ రాలేదు. ఆ కణాలు పిన్నివేనా అంటే, అడగడం నిబంధనలకు విరుద్ధం, అడిగినా చెప్పరు.

ఏం జరిగిందో ఇప్పటికీ నాకు అంతుచిక్కలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ జన్యువును మాత్రం రోగులకు పనికొచ్చేదాకా వదిలిపెట్టను. రోజూ పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు రెండుసార్లు తట్టి, "అమ్మా, నేనే, మందు మారుస్తున్నా" అని చెప్పాకే తెరుస్తాను.

షబానా నవ్వదు.